నీ చున్నీ మీద బుజ్జి కాన్పు

బిడ్డా సుజాతా,

నువ్వు కన్నుమూసి ఏడాది నిండుతున్న ఈ వారంలోనే మన ఎల్లారెడ్డి ఇంట్లో ఎంత సంబరమో! నువ్వు పెంచిన పిల్లి బుజ్జికి తొలి కాన్పు అయింది. మూడు కూనలు, తల్లీ! వాడకట్టంతా చక్కెర పంచాను. "పిల్లి పిల్లల్ని కంటే చక్కెరనా, తాతా?" అని వాడలోని పిల్లలు నవ్వారు. నవ్వనీ!

నాలుగు రోజులు అది నిండు కడుపుతో ఇల్లంతా అరుస్తూ తిరిగింది. నేను అట్టపెట్టె తెచ్చి, నీ పాత చున్నీలన్నీ సబ్బు పెట్టి ఉతికి, మెత్తగా పరిచాను. అది వాసన చూసి వెనక్కి తిరిగింది.

నిన్ను కన్న మీ అవ్వ నన్ను తిట్టింది. "ఏందయ్యా, గిట్ల చేసినవ్? బిడ్డ వాసనంత కడిగేస్తివి. తొలి కాన్పంటే దానికి తల్లిగారిల్లు అనిపియ్యాలె గదా!"

ఉతకని చున్నీ ఒక్కటే ఉంది, నువ్వు చివరిసారి కప్పుకున్నది. మీ అవ్వకు కూడా చెప్పకుండా నా దిండు గలీబులో దాచుకున్నాను. ఏడాదిగా దాని మీదే తల పెట్టి పడుకుంటున్నాను. కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తర్వాత పెట్టెలో పరిచాను. బుజ్జి దాన్ని కాళ్లతో ఒత్తి, ముఖం ఆనించి, గురగురమంటూ పడుకుంది. మధ్యాహ్నానికి తల్లయింది.

ఇప్పుడు ఆ చున్నీకి నీ వాసన లేదు. అంతా పాల వాసనే. నువ్వు పుట్టిన కొత్తలో ఎత్తుకుంటే నీ దగ్గరా ఇదే వాసన వచ్చేది, బిడ్డా.

మీ బాపు