నీ చేతికి అలవాటు పడ్డ పాళీ

తమ్ముడూ,

కట్టు విప్పేశారు. చెయ్యి బాగానే ఉంది, పెన్నే నా మాట వినడం లేదు. ఇన్నాళ్లూ బడి సర్టిఫికెట్ల మీద పేర్లు నా బదులు నువ్వు రాశావుగా, నీ ఎడమచేతి వాటానికి పాళీ అరిగిపోయింది. నేను పట్టుకుంటే కాగితాన్ని గీరేస్తోంది.

నిన్న హెడ్మాస్టరుగారు వచ్చి, “చెయ్యి విరిగినా మీ దస్తూరీ మునుపటికంటే కుదిరిందమ్మా!” అన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా ఆ రాత నీదని అక్కడే చెప్పేశాను. ఆయన నోరెళ్లబెట్టారు.

సోమవారం నుంచి ఆ పనికి నిన్నే రమ్మన్నారు. వెళ్లు. పెన్ను కూడా పంపిస్తున్నాను, ఉంచుకో.

నాకు మాత్రం కొత్తది కొనిపెట్టు. అది నా చేతికి లొంగాక చూద్దాం, ఎవరి రాత బాగుంటుందో!

ప్రస్తుతానికి పెన్సిలుతో,
అక్క