పెరట్లోకి దింపిన ఊట నీళ్ళు

డుంబ్రిగుడ దగ్గర కొండవాలు నుంచి

మా అప్ప రమణమ్మకు చెల్లెలు నరసమ్మ నమస్కరించి రాస్తున్నది. మీ మరిదీ నేనూ జ్వరాలు లేకుండా ఉన్నాము. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. నాకు అయిదో నెల. వేవిళ్ళు తగ్గాయి. చోడి అంబలి అలవాటైంది కానీ ఈ చలి అలవాటు కాలేదు.

నెల కిందట ఒకటి జరిగింది. ఇక్కడ స్నానానికి గెడ్డకే వెళ్ళాలి. ఆ ఉదయం స్నానం చేసి ఒడ్డు ఎక్కుతుంటే ఇసుకలో నా అరచేయంత పెద్దపులి అడుగు కనిపించింది. అందులోకి నీరు ఇంకా ఊరుతోంది. అంటే అది అప్పుడే వెళ్ళింది! బిందె అక్కడే వదిలేసి తడి చీరతో ఇంటికి పరుగెత్తాను. మా పక్కింటి కొండామె సొంబారి నా వీపు నిమిరి, "పెద్దది తిరుగుతంది. దాని పేరెత్తకమ్మా. ఒక్కర్తివీ గెడ్డకి ఎల్లకు" అంది.

తర్వాత పది రోజులు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమే. సొంబారి తెచ్చే కుండెడు నీళ్ళు వంటకే సరి. ఇంటి వెనక వాలులో, కొంచెం పైన, చిన్న ఊట ఉంది. వెదురు చీల్చి దోనెలు చేసి, పంగకర్రల మీద వరసగా ఆనిస్తే నీళ్ళు పెరట్లోకే దిగుతాయి కదా అనుకున్నాను. చివర ఒక బొంగుకి కాల్చిన చువ్వతో చిల్లులు పెట్టి తలపైన కడితే జల్లులా పడతాయి. చుట్టూ తడిక, కింద నాలుగు పలక రాళ్ళు.

మీ మరిదికి చెబితే ఆయన ముఖం మాడిపోయింది. "ఏటే, నీళ్ళు పెరట్లోకి తెత్తే దాన్నీ తెచ్చుకున్నట్టే కాదేటి? దాహమేత్తే మనింటికే వత్తాది" అన్నారు. ఆ మాటతో రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. సొంబారే దారి చెప్పింది. "తానమైపోనాక పైదోనె పక్కకి తీసేత్తే సాలు. సుక్క దిగదు."

దానికి ఆయనా సరేనన్నారు. కట్టడానికి వారం పట్టింది. మొదటి రోజు పొద్దెక్కాక సొంబారి పైకెళ్ళి దోనె ఆనించి వచ్చింది. నీళ్ళు పడ్డాయి అప్పా! తలకి కుంకుడు నురుగు పట్టించాను. కళ్ళు మూసుకున్నాను. ఉన్నట్టుండి నీళ్ళు ఆగిపోయాయి.

"సొంబారీ, బేగి తీసేశావేటి?" అని కేకేశాను.

"నానిక్కడే ఉన్నానమ్మా" అంది, తడిక అవతలి నుంచే.

ఆమె తడిక తోసుకొచ్చి, నన్ను చీర చుట్టీ చుట్టకుండానే లోపలికి లాగి తలుపు గడియ వేసింది. కళ్ళు మండుతున్నా కడుక్కోలేదు. కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాను.

సొంబారి కేకలు విని, తన కొట్టు దగ్గర నుంచి మీ మరిది, ఊరి మగవాళ్ళు డప్పులు కొట్టుకుంటూ పైకెళ్ళారు. పైదోనె దూరంగా పడి ఉంది. ఊట చుట్టూ బురదలో అడుగులు. అది నీళ్ళు తాగి పైకే వెళ్ళిపోయిందట, కిందికి దిగలేదట.

సాయంత్రానికి దోనె మళ్ళీ ఆనించారు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి డప్పుతో వెళ్ళి పెట్టి వస్తున్నారు. రోజూ స్నానం చేస్తున్నాను కానీ, నీళ్ళు పడుతున్నంతసేపూ ఇదిగో ఇప్పుడు ఆగుతాయి, ఇప్పుడు ఆగుతాయి అనుకుంటూనే నిలబడతాను.

"నీకు భయం లేదా?" అని సొంబారిని అడిగాను.

"లేకేటమ్మా! బయమని ఏ వూరెల్తాం?" అంది.

నాకు సిగ్గేసింది. అయినా రాస్తున్నాను. నాకు వెళ్ళడానికి ఊరుంది. పురిటి దాకా ఇక్కడ ఉండలేను. మీ మరిది కొట్టు వదిలి రాలేరు, బావగారిని పంపు. వచ్చేటప్పుడు సొంబారికి ఎర్రంచు చీర ఒకటి, నాకు చింతకాయ పచ్చడి పంపు. అమ్మకి పులి సంగతి చెప్పకు, పురిటికి వస్తోందని మాత్రం చెప్పు.

అమ్మకూ బావగారికీ నా దండాలు. నన్నూ కడుపులో బిడ్డనూ దీవించండి. వానలు పడితే కనుమలో బండి దిగదు. బేగి పంపు అప్పా.

నీ చెల్లెలు
నరసమ్మ