రోజూ రాయడానికి బంగారు పాళీ

చిరంజీవి నర్సయ్యకు నీ అవ్వ యాదవ్వ మస్కట్ దేశం సహం నుంచి చెప్పి రాయించేది. ఇక్కడ నేను, సర్వరీ బేగం, ఆమె పిల్లలు అందరం బాగున్నాం. అక్కడ నువ్వు బాగున్నావని నీ ఉత్తరంలో ఉంది. నీ పెండ్లాం కమలవ్వ ఎట్లా ఉందో అందులో లేదు. ఆ సంగతి నేనే చెబుతాను, ఆగు.

ముందు నీ ప్రశ్నలు. మోకాళ్ల నొప్పి తగ్గిందా అన్నావు. తగ్గలేదు, పని ఆగలేదు. బేగం మంచిగా చూస్తున్నదా అన్నావు. ఆమె పిల్లలను పెంచుతున్నాను, వంట చేస్తున్నాను. కూర చెడినా ఆమె నా మీద చెయ్యి ఎత్తదు. ఈ ఉత్తరం రాసేది మజహర్. కడప పిల్లగాడు, బేగం వాళ్ల కారు నడుపుతాడు. అక్షరం గుండ్రం అని అందరూ అంటారు.

ఇక పెన్ను. రోజూ రాసుకోవడానికి బంగారు పాళీ కావాలన్నావు, మూత కూడా బంగారుదైతే పంతులు జేబుకు అందమన్నావు. మొన్న బేగంతో మస్కట్ పోయినప్పుడు మత్రా బజారులో గుజరాతీ సేటు దుకాణం ఎక్కాను. ముసలమ్మకు చదువు వచ్చునా అని సేటు నవ్వాడు. చదువు రాదు, చెయ్యి వచ్చు అన్నాను. కాగితం ఇస్తే ముగ్గు వేశాను. కమలవ్వ మన వాకిట్లో వేసే మెలికల ముగ్గే.

బంగారు మూతది బరువంతా నెత్తిమీదే. మలుపు దగ్గర గీత తెగింది. పాళీ చూస్తే పైపూత. ఇంకొకటి కాగితాన్ని గీరింది. చివరికి ఒక నల్లది దొరికింది. మూత ఉక్కుది, పాళీ అసలు బంగారం. వేలు బరువు వేయకుండానే పారింది. గీత చుక్కలన్నీ చుట్టి మొదలైన చోటికే వచ్చి కలిసింది. మూత తీసి బేరం అయ్యేదాకా ఉంచాను, ఇంత ఉక్కలోనూ సిరా ఆరలేదు. బంగారం మెత్తన, నొక్కితే వంగుతుంది, ఒక్క చేతికే అలవాటు చేయాలి అన్నాడు సేటు. మెత్తనిదాన్ని ఎట్లాంటివాడి చేతిలో పెట్టకూడదో నాకు ఇంకొకరు చెప్పాలా?

మన వాడకట్టు గంగన్న సెలవు మీద ఊరికి పోయి తిరిగొచ్చి ఇక్కడి పక్క ఊరు ఖబూరా సైట్‌లో డ్యూటీ ఎక్కాడు. శుక్రవారం నన్ను చూడటానికి వచ్చి నేల చూపులు చూశాడు. తిడితే నోరు విప్పాడు.

"కూరల ఉప్పు ఎక్కువైందని నర్సన్న పీటతోటి కొట్టిండు అవ్వా. కమలవ్వ చెయ్యి వాచింది, వేళ్లు వంగుతలేవు, బీడీలు చుట్టొస్తలేదు. దవాఖానకు తోల్కపొమ్మంటే నా ఇజ్జత్ పోతదన్నడు."

ఇజ్జత్. అది నీ దగ్గర ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఇక్కడ మజహర్ రాయడం ఆపాడు. "అవ్వా, కన్నకొడుక్కి ఇట్ల రాస్తారా?" అన్నాడు. "కన్నది నేను, నువ్వు కాదు. రాయి" అన్నాను.

నీకు పెన్ను రాదు. నాకు నేను కొనుక్కున్నాను, మజహర్ చేతికి అలవాటు చేస్తున్నాను. చదువు లేనిదానికి పెన్ను ఎందుకంటావేమో, రోజూ రాయించడానికే. మన వాడకట్టులో రోజుకొక ఇంటికి ఉత్తరం వేస్తాను. ఎవరికి ఉత్తరం వచ్చినా నీ అరుగు మీదికే తెస్తారు, నలుగురు కూర్చుంటే నువ్వే చదివి వినిపిస్తావు. అందుకే గదా నిన్ను పంతులూ పంతులూ అని దండం పెట్టేది. ఇక కమలవ్వకు ఏం చేశావో నీ నోటితోనే చదువు. మార్చి చదువుదామనుకోకు. ఆ ఉత్తరాల్లో ఏముంటుందో, తనతో పనిచేస్తూ సెలవు మీద ఊరికి పోయిన దేవయ్యతో గంగన్న తన భార్య రాములవ్వకు ముందే కబురు పంపాడు, ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పి ఉంటుంది. వాళ్లు వినడానికి రారు. నీ మొహం చూడటానికి వస్తారు.

కమలవ్వను నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపో. పీట ఎత్తిన చేత్తోనే వంట చెయ్యి, అన్నం కలిపి ఆమెకు తినిపించు. వేళ్లు వంగుతున్నాయని రాములవ్వ కబురు చేసిన రోజు పెన్నుకు మూత పెడతాను. వంగకపోతే నేను చచ్చేదాకా రాయిస్తాను. ఈ ఊళ్లో సిరాకు కరువు లేదు.

ఒకటి దాచాను, ఇప్పుడు చెబుతున్నాను. ఈ పెన్నుతో మొదటి ఉత్తరం నీకు కాదు. నిన్ననే మన వెనకింటి లస్మవ్వ పేరిట పోస్టులో వేయించాను. రెండూ ఒకే సంచిలో వస్తాయి. నువ్వు ఇది చదువుతుండగానే ఆమె నీ అరుగు ఎక్కుతుంది. ఆమెకు చెవుడు, తెలుసు గదా. గట్టిగా చదువు.

ఇట్లు,
నిన్ను కన్న అవ్వ
యాదవ్వ వేలిముద్ర