రెండు వైపులా నలుపు

11 జూలై 1983, సోమవారం

మా కోచ్ సుందర్ రావు సార్ టేబుల్ టెన్నిస్ క్లబ్బుకి వస్తూనే చెప్పారు. రూలు మారిందట. బ్యాట్‌కి రెండు వైపులా ఒకే రంగు రబ్బరు ఇక కుదరదు. సర్వీసు చేస్తూ కాలితో నేలను కొట్టడం కూడా బంద్. వచ్చే నెల సికింద్రాబాద్‌లో రైల్వే స్పోర్ట్స్ కోటా ట్రయల్స్ కొత్త రూలు మీదే.

అందరూ నా వైపే చూశారు.

నా బ్యాట్ రెండు వైపులా నలుపు. ఒక వైపు బంతికి స్పిన్ ఇచ్చే రబ్బరు. రెండో వైపు స్పిన్‌ని చంపేసే యాంటీ. టేబుల్ కింద బ్యాట్‌ని గిర్రున తిప్పి కొడతాను. ఏ వైపు తగిలిందో ఎదుటివాళ్ళకు తెలియదు. యాంటీకి తగిలితే మొద్దు చప్పుడొస్తుంది. అది వినబడకుండా కాలితో నేలను దబ్బున కొడతాను. వరంగల్ అమ్మాయిల్లో నన్ను ఓడించినవాళ్ళు లేరు. కారణం ఇదే, ఇంకేం లేదు.

జూనియర్ హన్నా నవ్వింది. అక్కా, ఇగ నీ గారడి బందయినట్టే పో, అంది.

12 జూలై

ఇంకేం లేదు అని నిన్న నేనే రాశాను. భయంగా ఉంది.

17 జూలై, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే నాన్న మళ్ళీ ఉద్యోగం మాట ఎత్తారు. రైల్వే ఉద్యోగం రాకపోతే నెక్కొండ మిషన్ బళ్ళో టీచర్ పోస్టు తయారుగా ఉందట. పెద్దమ్మ ఇంట్లో ఉండొచ్చట. ఇంకెన్నేండ్లు ఆ బంతి ఎనక ఉరుకుతవ్ బిడ్డా, అన్నారు. కోపంగా కాదు, జాలిగా. పెద్దమ్మ పొద్దుగూకకముందే తలుపు గడియ పెట్టే మనిషి. వాళ్ళ కిటికీలోంచి రైళ్ళు కనబడతాయి. ఎక్కువగా అక్కడ ఆగకుండా పోయేవే.

20 జూలై

ఎర్ర రంగు యాంటీ రబ్బరు హైదరాబాద్ నుంచి రావాలి. అందాకా ప్రాక్టీసు కోసం సార్ యాంటీ మీద క్లబ్బు గేటుకి వేయగా మిగిలిన ఎర్ర పెయింటు పూశారు.

హన్నా చేతిలో ఓడిపోయాను. ఎరుపు కనబడగానే అది తయారుగా నిలబడుతోంది. దానికి కాదు నా భయం. నేనూ చూడడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ ఏ వైపుందో బొటనవేలికే తెలిసేది. ఇప్పుడు కళ్ళు బ్యాట్ మీదికి పోతున్నాయి. ఆలోగా బంతి వెళ్ళిపోతోంది.

3 ఆగస్టు

రోజూ ఓటమే. అరచేతి నిండా ఎర్ర పెయింటు. అమ్మ కిరోసిన్‌తో తుడుస్తూ, నెత్తురనుకొని గుండె ఆగినంత పనైంది, అని తిట్టింది.

9 ఆగస్టు, సాయంత్రం

గేమ్ మధ్యలో కరెంటు పోయింది. సార్ ఆపొద్దన్నారు. కిటికీ వెలుతురులో బంతి కనబడుతోంది కానీ ఎరుపేదో నలుపేదో తెలియడం లేదు. హన్నాని చిత్తుగా ఓడించాను. కరెంటొచ్చాక మళ్ళీ ఓడాను. ట్రయల్స్ కరెంటు లేని కాడ పెట్టమని అర్జీ పెడదామా, అని సార్ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

18 ఆగస్టు

అసలు ఎర్ర రబ్బరు వచ్చింది. అతికించి అమ్మ పెద్ద బైబిలు కింద ఒత్తిపెట్టాను. అమ్మ దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేసినట్టుంది.

27 ఆగస్టు, సికింద్రాబాద్

ఆఖరి మ్యాచ్ విజయవాడ అమ్మాయితో. గెలిచినవాళ్ళకే ఉద్యోగం. మూడో గేమ్, 19–19, సర్వీసు నాది. అలవాటుగా కాలు లేచింది. అంపైర్ చూస్తున్నాడు. గాల్లోనే ఆపి మెల్లగా దించాను. నెక్కొండ కిటికీ గుర్తొచ్చింది.

అప్పుడు చూశాను. ఆ అమ్మాయి బంతిని చూడడం లేదు. నా బ్యాట్‌నే చూస్తోంది, పాముని చూసినట్టు. నా గారడి సంగతి వినే వచ్చింది.

తిప్పలేదు. ఎరుపు చూపించి, స్పిన్ లేని ఆ ఎరుపుతోనే కొట్టాను. ఆఖరి క్షణంలో నలుపుకి తిప్పుతాననుకుని ఆమె స్పిన్‌కి తగ్గట్టు బంతిని లేపింది. బంతి టేబుల్ దాటి పోయింది. మళ్ళీ ఎరుపు. మళ్ళీ నమ్మలేదు. 21–19.

30 ఆగస్టు

అక్క ఇగ తిప్పుతలేదు అని హన్నా ఊరంతా చెప్తోంది. ఈ మాట విజయవాడ దాకా పోతుంది. పోనీ, అందరూ నమ్మాక మళ్ళీ తిప్పొచ్చు. ఇది రాస్తుంటే టేబుల్ కింద కాలు నేలను కొడుతూనే ఉంది.