చుట్టాలొస్తేనే తిరిగే కూలర్

కువైట్

లక్ష్మక్క పాదాలకు మొక్కి తమ్ముడు ఓబులేసు రాస్తున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పాప బాగున్నారా? బీపీ మాత్రలు వేళకు వేసుకుంటున్నావా? ఫోన్‌లో అడిగితే మాట దాటేస్తావని ఈ ఉత్తరం రాసి, సెలవు మీద వస్తున్న మన వీధి మస్తానన్న చేతికిచ్చాను. ఖర్జూరాలు కూడా పంపాను. అన్నీ పంచిపెట్టేయకుండా నువ్వూ తిను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. ఏసీలు బాగుచేసే పని కాబట్టి మాకు తీరిక లేదు. ఇళ్లలో వాళ్లకు చల్లగా ఉంటుంది, మేము మిద్దెల మీద మాడుతుంటాం. గదిలో వంట చేసే మలయాళీ అతనికి చేపల కూర తప్ప ఇంకోటి రాదు. నీ చేతి సంగటి, చెనక్కాయల ఊరిబిండి తలచుకుంటే నోరూరుతుంది. దిగులుపడొద్దు, తిండికి లోటు లేదు.

అసలు సంగతికొస్తాను. కూలర్ వచ్చాక కరెంటు బిల్లు పెరిగిందని బావ అంటే, పోయిన సెలవులో ఫ్రిజ్‌కీ కూలర్‌కీ ఆ తెల్ల ప్లగ్గులు పెట్టాను కదా. అవి వైఫైతో పనిచేస్తాయి, ఏది ఎంత కరెంటు తాగుతోందో నా ఫోన్‌లో కనిపిస్తుంది. చూస్తే ఫ్రిజ్ రాత్రీ పగలూ ఆగడం లేదు. తలుపు రబ్బరు పాడైనట్టుంది, మార్పించమని బావతో చెప్పు. పాపం, కూలర్ మీద నింద పడింది గానీ అది పగలు అసలు తిరగడమే లేదు.

మీకు మధ్యాహ్నమైతే నాకు పొద్దుటి టీ వేళ. మొన్న అప్పుడే ఫోన్ చేసి, "ఏం చేస్తాండావక్కా?" అన్నాను. "కూలర్ ముందరే కూర్చోనుండా నాయనా, శానా సల్లగా ఉండాది" అన్నావు. ఫోన్‌లో చూస్తే కూలర్ ఆపి ఉంది. పోయిన వేసవిలో వడదెబ్బకు పడిపోయి ఆసుపత్రి పాలైంది నువ్వే. ఆ కూలర్ కొన్నదే నీ కోసం. బావ పనికి, పాప బడికి పోగానే దాన్ని ఆపేస్తావు. చుట్టాలొస్తే మాత్రం పరుగున పోయి వేస్తావు. "నా ఒక్కదానికి కూలర్ యాలప్పా" అంటావు.

సరే, నీ పద్ధతి నేను మార్చలేను. ఇకమీదట రోజూ మధ్యాహ్నం నేనే చుట్టంగా వస్తాను. ఆ ప్లగ్గును ఇక్కడి నుంచి ఫోన్‌లోనే వేయొచ్చు. కూలర్ స్విచ్చి ఆపకుండా వదిలి, నీళ్లు నింపి పెట్టు. అన్నం తిన్నాక దాని ఎదురుగా పడుకో. గాలి తగలగానే తమ్ముడొచ్చాడనుకో.

బావకు నమస్కారాలు, పాపకు ముద్దులు. నన్ను దీవించు.

ఇట్లు,
మధ్యాహ్నం వచ్చే చుట్టం,
నీ తమ్ముడు ఓబులేసు