తాళంచెవి గుర్తున్న జతలు

సెప్టెంబర్ 2

కొత్త బ్యాలేలో సోలో రూతకి ఇచ్చారు. బోర్డు మీద మళ్లీ మళ్లీ చూశాను, పొరపాటు పడ్డానేమోనని. నా పేరు కిందే ఉంది, వెనక వరసలో, పదేళ్లుగా ఉన్నచోటే.

రూత లిథువేనియా నుంచి వచ్చి ఆరు నెలలు కాలేదు. పంతొమ్మిదేళ్లు. నేను పోర్చుగల్ వదిలి ఈ జర్మనీకి వచ్చినప్పుడు నాకూ అంతే. ప్రీమియర్ బాగా జరిగితే ఆ పిల్లకి సోలోయిస్ట్ కాంట్రాక్ట్ ఇస్తానన్నాడట డైరెక్టర్ హెన్నింగ్. ఉన్నది ఒక్కటే. అది నాది.

సెప్టెంబర్ 3

కంగ్రాట్స్ చెప్పాను. పళ్లు కొరుక్కుంటూ చెప్పాను.

సెప్టెంబర్ 11

ఉదయం క్లాసులో రూత రోజూ నా వెనకే నిలబడుతుంది. అద్దంలో చూస్తే దాని కళ్లు నా పాదాల మీదే. ఏంటే ఆ చూపు అని అడిగేశాను. నీ పాదం ఎక్కడ వంగుతుందో చూసి నేనూ అక్కడే వంచుతున్నా ఫిలిపా, మా ఊళ్లో ఎవరూ ఇలా నేర్పలేదు అంది. నవ్వింది కూడా. దొంగ ఇంట్లో దూరి, తాళం బాగుందని మెచ్చుకున్నట్టుంది.

సెప్టెంబర్ 24

కొంప మునిగింది. బూట్ల గది చూసుకునే వీబ్కె క్యాంటీన్‌కి వచ్చి మరీ చెప్పింది. మునివేళ్ల మీద నిలబడడానికి మేం వేసుకునే పాయింట్ షూస్ లండన్‌లో కుట్టే ముసలాయన రిటైరయ్యాడట. ఆయన పేరు తెలియదు, మొహం తెలియదు. అడుగున కొట్టే తాళంచెవి గుర్తు ఒక్కటే తెలుసు. పదేళ్లుగా ఆ గుర్తు మీదే నిలబడ్డాను.

ఆఖరి పన్నెండు జతలు వచ్చాయి. తాళంచెవి వాడేది మేమిద్దరమే, నేనూ రూతా. సైజూ ఒకటే. సోలో చేసేదానికి ఎనిమిది, నీకు నాలుగు, వెనక వరసకి ఎక్కువెందుకే అమ్మాయ్ అంది. బంగాళాదుంప సలాడ్ అక్కడే వదిలేసి లేచిపోయాను. కడుపు మండిపోతుంటే ఇంకేం తింటాను?

అక్టోబర్ 9, మధ్యాహ్నం

చెయ్యకూడని పని చేశాను.

కొత్త జత చెక్కలా బిగుసుకుని ఉంటుంది. ఎవరి జత వాళ్లే వంచి, నొక్కి, తమ పాదానికి లొంగదీసుకోవాలి. ఒకసారి లొంగాక ఇంకొకరికి పనికిరాదు. అందుకే వేరేవాళ్ల జత ఎవరూ ముట్టరు. చిన్నప్పుడే నేర్పే మర్యాద అది.

అందరూ లంచ్‌కి వెళ్లారు. రూత అరలో రెండు కొత్త జతలు, పైన ప్రీమియర్ అని చీటీ. తీశాను. నా పాదం వంగే చోట సరిగ్గా అక్కడే అడుగు అట్టని విరిచాను. తలుపు సందులో పెట్టి నొక్కాను. ముందు భాగం నేలకేసి బాదాను. నాలుగు బూట్లూ. ఎంత హాయిగా అనిపించిందో ఇక్కడ కాక ఇంకెక్కడ రాసుకుంటాను?

మళ్లీ అరలో పెట్టేశాను. మిగతా జతలు దాని ఇంట్లో ఉన్నాయి, ట్రామ్‌లో గంట దారి. శనివారం షో ముందు తీసి చూసుకుంటుంది. చూసుకోనీ.

అక్టోబర్ 12, సాయంత్రం 6

రూత రెండు జతలూ చంకలో పెట్టుకుని మేకప్ గదిలోకి పరిగెత్తుకొచ్చింది. అయిపోయింది నా పని అనుకున్నాను. మీద పడి కౌగిలించుకుంది. నువ్వే కదూ, ఇలా విరవడం నీకు తప్ప ఎవరికొచ్చు, భయంతో నాకు చేతులే ఆడట్లేదు, నువ్వు ముందే చేసిపెట్టేశావు, మా సొంత అక్క కూడా నాకింత చెయ్యదు అంటూ ఏడ్చింది.

ఔను, నేనే అన్నాను. ఇంకేమంటాను?

అక్టోబర్ 13

నిన్న స్టేజీ పక్కన తెర చాటునుంచి చూశాను. ఒంటికాలి మునివేళ్ల మీద లేచి ఆగే చోట రిహార్సల్స్‌లో రూత ప్రతిసారీ తూలేది. నిన్న తూలలేదు. ఆ వంపు నాది. పదేళ్లు అద్దం ముందు చచ్చీ చెడీ పట్టుకున్న వంపు. దాని మీద అది నిలబడింది. దానికోసం హాలంతా లేచి నిలబడింది.

నేనూ చప్పట్లు కొట్టాను. ఏడుస్తూ కొట్టాను. ఎంత మంచి మనసే నీది అంది వీబ్కె.

అక్టోబర్ 14

కాంట్రాక్ట్ దానికే.

అక్టోబర్ 15

పొద్దున మా తలుపు ముందు సంచి. రూతకి మిగిలిన ఆరు జతలు. వీటినీ నువ్వే చేసిపెట్టవా ప్లీజ్ అని చీటీ.

నాలుగు జతలు అయ్యాయి. ఇంకా రెండు.