ఇంటి కప్పు మీద పన్ను

అన్నకు,

నువ్వు గోపాల్‌పేటలో మీ అత్తగారింట్లో ఉన్నావని తెలిసి రాస్తున్నాను. కేసులో నువ్వు ఫిర్యాదివి, నేను ముద్దాయిని. కాబట్టి నీ క్షేమం అడగవచ్చో లేదో తెలియదు.

నీ ఎద్దులు నేను మేతకు దాచుకున్న వేరుశనగ కట్టె మేశాయని మన వాకిట్లోనే నిన్ను కొట్టిన మాట నిజం. ఒక్క దెబ్బకు ఏం శిక్ష పడుతుందిలే అనుకున్నాను. వనపర్తిలో వకీలు పుస్తకం తెరిచి, "ఉత్త దెబ్బయితే ఏడాది దాకా. పన్ను ఊడితే బొక్క ఇరిగినట్టే లెక్క, ఏడేండ్ల దాకా పడ్తది" అన్నాడు. దాని పేరు తీవ్రగాయమట. నీ నోట్లో అంత విలువైన వస్తువుందని తెలిస్తే వీపు మీద కొట్టేవాణ్ణి. నువ్వు ఒప్పుకుని, జడ్జిగారు సరేనంటే రాజీ కావచ్చని కూడా చెప్పాడు.

నిన్న ఆ పన్ను కోసం పోలీసు జమేదారు ఇంటికి వచ్చాడు. అమ్మ నిదానంగా, "ఊడిన పన్నును ఏం జేస్తరు సారూ, పెండల వెట్టి ఇంటి మీదికి ఇసిరేసిన" అంది. పిల్లల పాలపళ్లను పేడలో పెట్టి విసిరినట్టే నీ నలభై ఏళ్ల పన్నునూ విసిరింది.

జమేదారు నిచ్చెనెక్కి పెంకుల సందులన్నీ వెతికితే మూడు పళ్లు దొరికాయి. పెద్దది నీది. చిన్నవి ఎవరివని అడిగాడు.

"ఈనివే. చిన్నగున్నప్పుడు పెద్దోడు గుద్దితే ఊడినయి" అంది అమ్మ, నన్ను చూపిస్తూ.

ఆయన నావైపు తిరిగి, "మరి అప్పుడు కేసెందుకు పెట్టలే?" అన్నాడు.

"మా అన్న గద సార్" అన్నాను.

ఆ మాట ఆయన రాసుకోలేదు. అందుకే నేను రాస్తున్నాను.

నీ తమ్ముడు